తొంభై ఆరుకు ఇయ్యను

మా పుట్టింట్లో ధర అనే మాట పెద్దగా వినబడేది కాదు. ఎప్పుడూ జీతం అనే మాటే. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి కోలారు గనుల్లో పనికి వచ్చినవాడు. మా నాన్న గని ఆఫీసులో గుమాస్తా. బంగారం తీసే ఊళ్ళో పుట్టినదానివి కదా, ఇంట్లో రోజూ బంగారం ధర మాట్లాడుకునేవాళ్ళా అని కాలేజీలో స్నేహితురాళ్ళు అడిగేవారు. బంగారం ఎంత పలికినా మా నాన్న జీతంలో పైసా తేడా రాదు, ఇంక దాని ధరతో మాకేం పని. నెల మొదట్లో జీతం వచ్చేది, అమ్మ డబ్బాలన్నీ నింపేది. నెలాఖరుకు సాంబారు పలచబడేది. మళ్ళీ జీతం వచ్చేది, మళ్ళీ సాంబారు చిక్కబడేది. లోకమంతా ఇట్లాగే నడుస్తుందని పెళ్ళయ్యేదాకా నమ్మాను.

పెళ్ళయి రాయల్పాడులో కాలు పెట్టాక ఇంకో లోకం ఉందని తెలిసింది. అత్తవాళ్ళది మామిడి తోట, దాని పక్కనే టమోటా చేను. ఆ ఇంట్లో జీతం అనే మాటే లేదు. పొద్దున లేస్తే ధర, అన్నం తింటుంటే ధర. కోలారు మండీలో బాక్సు ఎంతకు పోయింది, రేపు ఎంతకు పోతుంది, పక్కూరివాళ్ళది ఎంతకు పోయింది. మా అత్త కలిపే కాఫీ చిక్కదనం చూసి ముందురోజు టమోటా ఏ ధర పలికిందో చెప్పేయడం నేను తొందరగానే నేర్చుకున్నాను.

ఆ కొత్తలోనే ఒకసారి సరదాపడి అత్త వెంట కోలారు మండీకి వెళ్ళాను. ఎటు చూసినా బాక్సులే. వ్యాపారులు గుంపుగా వచ్చి మా బాక్సులోంచి నాలుగు కాయలు తీసి, నొక్కి చూసి, మళ్ళీ లోపల పడేశారు. మండీ మనిషి వేలం పాట, అదే హరాజు, మొదలుపెట్టాడు. అంకెలు గబగబా కొంచెం పైకెక్కి ఆగిపోయాయి. ఆయన అత్త వైపు చూశాడు. అత్త "ఇచ్చేయప్పా" అంది. అంతే, అయిపోయింది. నారు పోసిన రోజు నుంచి పడ్డ పాటంతా ఆ ఒక్క మాటతో ముగిసింది.

నాకు ఒళ్ళు మండింది. నాకు తొందరగా మండుతుంది, ఇంట్లో వాళ్ళందరికీ తెలుసు. "తక్కువనిపిస్తే ఇవ్వనని చెప్పొచ్చు కదా అత్తా" అన్నాను. చుట్టూ ఉన్న రైతులు, మండీ మనిషి, బాక్సులు మోసేవాళ్ళు, అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది.

"ఇయ్యనంటే ఇంటికి మోసుకుపోయి ఏం చేసుకోవాలమ్మా, దండలు గుచ్చుకోవాల్నా?" అంది.

అప్పటికే నేను మా గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. లాభనష్టాల పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ నవ్వు గుర్తొచ్చేది. కొన్న ధర, అమ్మిన ధర అని పుస్తకంలో ఉంటుంది గానీ, అమ్మకుండా ఉండే వీలు లేని మనిషి సంగతి పుస్తకంలో లేదు.

చాలా ఏళ్ళు గడిచాయి. మామ పోయారు. అత్త, మా మరిది కలిసి సేద్యం చూసుకుంటున్నారు. మేము గనుల ఊళ్ళోనే, కేజీఎఫ్‌లో ఉంటాం. మా ఆయన పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్ళి చీకటిపడ్డాక వచ్చే మనిషి. మధ్యలో ఏం జరిగినా ఆయన అభిప్రాయం ఒక్కటే, "నీ ఇష్టం". ఇట్లా ఉండగా మామిడి తోట అంచున రోడ్డు వెడల్పు చేశారు. ఆ అంచు ముక్క అత్త పేరున ఉన్నది. దాని డబ్బు నేరుగా అత్త బ్యాంకు ఖాతాలో పడింది. ఆమె జీవితంలో ఆమె ఒక్కదాని పేరున వచ్చిన డబ్బు అదే మొదటిది.

ఇంక చూడాలి. ఎవరికి వాళ్ళు సలహాలు. మా మరిది మంచివాడే గానీ ఖాళీ నేల కనబడితే బోరు వేయాలనిపిస్తుంది ఆయనకు. అప్పటికే వేసినవాటిలో రెండు దుమ్ము తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. మూడోది తప్పకుండా పడుతుందని ఆయన నమ్మకం. ఒక బంధువు చిట్టీ అన్నాడు, ఇంకొకాయన స్థలం అన్నాడు. అత్త అందరికీ సరే సరే అని చెప్పి, ఒకరోజు బస్సెక్కి మా ఇంటికొచ్చి వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది.

"నాకు బోరూ వద్దు, చిట్టీ వద్దు" అంది. "మీ మామ ఉన్నప్పుడు ఆయన జేబు చూసినా. ఆయన పోయినాక కొడుకుల మొగం చూస్తా ఉండా. గాజులు కొనుక్కోవాలన్నా, కురుడుమలె వినాయకుని కాడికి పోవాలన్నా, ఒరే అని అడగాల్సిందే. వాళ్ళు కాదనరు. కానీ అడిగేది నాకు బాగుండదు. మీది జీతం ఇల్లు కదమ్మా. ఈ దుడ్డును జీతం మాదిరి చేసి ఇయ్యి నాకు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఎట్లాగైనా చేసిపెట్టాలనిపించింది.

చేయాలంటే ముందు నాకు తెలియాలి కదా. ఫోన్లో వీడియోలు చూశాను. ఆ చెప్పేవాళ్ళందరూ నేను పుట్టుకతోనే బ్యాంకు మేనేజరునన్నట్టు మాట్లాడారు. వాటిలో సర్కారు బాండు జీతానికి దగ్గరగా కనబడింది, దాని గురించి మూడు మాటలు ఏరుకున్నాను. బాండు అంటే సర్కారుకు మనమిచ్చే అప్పు. దాని ముఖ విలువ నూరు రూపాయలు. ఏటా ఇస్తామని ముందే రాసిన వడ్డీ పేరు కూపన్. అప్పు తీర్చేసే రోజు గడువు. ఈ మూడూ మా నాన్న జీతం అంత తేటగా ఉన్నాయి. నాలుగో మాట ఒకటుంది, యీల్డ్. అది వచ్చినప్పుడల్లా తెరమీద గీతలు పైకీ కిందికీ ఊగేవి. ఇది పెద్ద వ్యాపారుల గొడవ, మనకెందుకులే అని దాన్ని పక్కన పెట్టేశాను. పరీక్షలో రాదు అనుకున్న పాఠాన్ని పిల్లలు ఎట్లా వదిలేస్తారో అట్లా వదిలేశాను, అందుకు వాళ్ళను రోజూ తిట్టేది నేనే అయినా.

అత్తకు చెప్పాను. "నూరు రూపాయల కాగితం అత్తా. ఏటా ఏడు రూపాయలు ఇస్తారు, ఆర్నెల్లకు మూడున్నర చొప్పున. పదేళ్ళు అయ్యాక నూరుకు నూరూ తిరిగిచ్చేస్తారు."

"వాన రాకపోతే?"

"వానతో పనిలేదు."

"ఆకుముడత వస్తే?"

"దీనికి ఆకులు లేవు అత్తా."

"సర్కారు పడిపోతే?"

"పడేది పార్టీలు. సర్కారు పడదు."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. వానకూ రోగానికీ భయపడని పంట ఒకటుందంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. "వినాయకునికి ఒక మాట చెప్పి వస్తా" అని కురుడుమలె వెళ్ళి, అక్కడి నుంచే ఫోన్ చేసి, "కొను" అంది. ఆ డబ్బు మొత్తం పెట్టి ఆమె పేరునే సర్కారు బాండు కొన్నాను. నూటికి నూరు ధరకే దొరికింది. ఎక్కడ ఏముందో ఆమె చూసుకోవడానికి వీలుగా ఆమె ఫోన్లో కూడా ఆ యాప్ పెట్టి ఇచ్చాను. గొడవంతా అక్కడ మొదలైంది.

మా అత్త పొద్దున లేచి మొదట చూసేది మండీ నుంచి వచ్చే టమోటా ధర. ఇప్పుడు దాని తర్వాత బాండు ధర చూడడం మొదలుపెట్టింది. బాండుకు రోజూ ఒక ధర ఉంటుందని నేను ఆమెకు చెప్పలేదు. ఎందుకంటే నా దృష్టిలో అది లేదు. మా నాన్న జీతానికి రోజువారీ ధర ఏముంటుంది? కొన్నాళ్ళకు ఫోన్ వచ్చింది.

"నూరు కాస్తా తొంభైతొమ్మిది అయిండాది, చూసినావా?"

"అదేం పట్టించుకోకండి అత్తా."

ఇంకొన్నాళ్ళకు తొంభైఎనిమిది అని ఫోన్. అప్పుడూ అదే చెప్పాను. ఆ తర్వాత ఫోన్ రాలేదు. ఒక గురువారం నేను బడి నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో మునక్కాయల సంచి పక్కన పెట్టుకుని అత్తే కూర్చుని ఉంది. రాయల్పాడు నుంచి మా ఇంటికి రావాలంటే బస్సులు మారాలి, అంత తేలిక కాదు. ఏదో జరిగిందని భయపడ్డాను.

"తొంభై ఆరు" అంది. "అమ్మేయమ్మా."

ఫోన్ తీసి చూపించింది. ఆ అంకె ఎర్రగా ఉంది. ఎర్రగా ఉంటే పండినట్టు కాదని ఆమెకు వేరే చెప్పాలా.

"రేపు పొద్దున బస్సుకు పోతా. అంతలోపల అమ్మేయి. మిగిలింది మీ మరిదికి ఇచ్చేస్తా, బోరో గీరో వేసుకుంటాడు. నా రాత ఇంతే అనుకుంటా."

"అత్తా, ఇది టమోటా కాదు. దాచుకుంటే కుళ్ళిపోదు."

"కుళ్ళకపోతే ధర యాల పడతాది?"

ధర ఎందుకు పడుతుందో నాకే తెలియదు. లెక్కల టీచర్ని. పదో తరగతి పిల్లలు అడిగే అడ్డదిడ్డం ప్రశ్నలకు కూడా నిలబడి జవాబు చెప్పేదాన్ని. "మార్కెట్ అంతే అత్తా" అన్నాను చివరికి.

"మండీ ఆయన కూడా ఇదే చెప్తాడు" అంది.

నాకు చురుక్కుమంది. నిజమే కదా. ఆమె వైపు నుంచి చూస్తే ఆమె చేస్తున్నది తప్పేమీ కాదు. కోలారు మండీలో మొదటి రోజు ధర కొంచెం పడితే మర్నాడు ఇంకా పడుతుంది, మూడోరోజుకు దూడలు కూడా ముట్టవు. పడే సరుకును చేతిలో పెట్టుకోకుండా సాయంత్రంలోపల వదిలించుకున్నవాడే బతుకుతాడు. ఏళ్ళ తరబడి ఆమెను బతికించిన తెలివి అది. ఆ తెలివితోనే ఇప్పుడు నూటికి నాలుగు పోగొట్టుకోబోతోంది. అంతకన్నా పెద్దది, అడక్కుండా చేతికొచ్చే ఆ డబ్బు పోతుంది. మూడో బోరులోంచి నీళ్ళు వచ్చినా రాకపోయినా, గాజుల కోసం మళ్ళీ ఒరే అని అడగాలి. అది తలుచుకుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమెను ఇందులో దింపింది నేను.

ఆమె మునక్కాయలు తరగడానికి కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని ఫోన్లో ఆ వదిలేసిన నాలుగో మాట వెతకడం మొదలుపెట్టాను. ధర పడితే యీల్డ్ పెరుగుతుంది, ధర పెరిగితే యీల్డ్ పడుతుంది. అందరూ ఇదే చెబుతున్నారు. ఎందుకో ఎవరూ చెప్పరు. ఆమె కత్తిపీట టకటకమంటోంది. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఈసారి తోట గుత్తకు ఇచ్చేశారా అత్తా" అని అడిగాను. మా వైపు మామిడి తోటలను పూత మీదే వ్యాపారులకు గుత్తకు ఇచ్చేయడం మామూలే. కాసినా కాయకపోయినా ముందు మాట్లాడుకున్న డబ్బు రైతుకు వస్తుంది.

"ఈసారి ఒక్క ఏడాదికే ఇచ్చినా" అంది. "అప్పట్లో మీ మామ చేసిన పని మాదిరి చేస్తానా?"

మామ చేసిన పని నాకు బాగా తెలుసు. నేను కొత్త కోడలిగా వెళ్ళిన రోజుల్లో ఆ ఇంట్లో పొద్దుగూకులూ అదే పాట. తోటను కొన్నేళ్ళకు కలిపి ఒకే గుత్త మీద రాసిచ్చేశాడు మామ. ఆ మరుసటి ఏడే పక్క తోట అంతకంటే ఎక్కువకు పోయింది. ఆ గుత్త తీరేదాకా అత్త పక్క తోటను చూసి నిట్టూర్చని రోజు లేదు. మామ పాపం పొలంలోనే ఎక్కువసేపు ఉండేవాడు. తోట ఏమీ చెడిపోలేదు. చెట్లు అవే, కాయలు అవే, డబ్బు చెప్పిన రోజుకు వచ్చేది. అయినా ఇంట్లో ఏదో నష్టం జరిగినట్టే ఉండేది.

నా చేతిలో ఫోన్ పక్కన పెట్టేశాను.

"అత్తా, ఆ గుత్త ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి, ఆ గుత్త కాగితంతో సహా తోట కొంటానంటే ఎంత ఇచ్చేవాడు?"

"ఎవురు కొంటాడు దాన్ని? పక్క తోట కొంటే ఎక్కువ గుత్త వస్తాది కదా. మాది కావాలంటే ధర తగ్గించమంటాడు."

"మీ చెట్లు తగ్గాయా?"

"చెట్లు యాల తగ్గుతాయి?"

"గుత్త డబ్బు రావడం ఆగిందా?"

"రాసుకున్నాక ఆగుతాదా?"

"మరి ధర యాల పడింది?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. ఆమె మాటే ఆమెకు తిప్పి చెప్పానని తెలిసి నావైపు ఒకసారి చూసింది.

"పక్క తోట వల్ల" అంది.

"అంతే అత్తా. మనం ఏడు రూపాయల తోట కొన్నాం. ఇప్పుడు సర్కారు కొత్తగా ఇచ్చే కాగితాలకు ఏడున్నర పైన ఇస్తోంది. అందుకని మన ఏడు రూపాయల కాగితాన్ని ఎవరూ నూరుకు కొనరు. తొంభై ఆరుకైతే కొంటారు. మన కాగితానికి ఏమీ కాలేదు. మన ఏడు మనకు వస్తుంది. గడువుకు నూరూ వస్తుంది."

చెబుతుంటే నాకే అర్థమవుతూ వచ్చింది. నిజం చెప్పాలంటే ఆమెకు చెప్పినట్టు నటిస్తూ నాకు నేను చెప్పుకుంటున్నాను. యీల్డ్ అంటే ఏమీ లేదు, ఈరోజు ధరకు కొనేవాడికి ఏటా నూటికి ఎంత గిట్టుతుందో ఆ లెక్క. తొంభై ఆరు పెట్టి కొన్నవాడు ఏడాదికి ఏడు తీసుకుంటాడు, అదే నూటికి ఏడుంబావు దాటింది. పైగా గడువునాడు వాడు పెట్టిన తొంభై ఆరుకు నూరు చేతికొస్తుంది. ఆ నాలుగు రూపాయలను మిగిలిన ఏళ్ళకు పంచి కలుపుకుంటే ఏడున్నర పైమాటే. అంటే కొత్త కాగితంతో సమానమైంది. ధర పడిందంటే పాత కాగితం కొత్తదానితో సమానంగా సర్దుకుందని అర్థం. వీడియోల్లో ఆ గీతలు పైకీ కిందికీ ఊగినది ఇందుకు. అంత చిన్న విషయానికి అంత సంగీతం ఎందుకు పెడతారో తెలియదు.

అత్త అంత తొందరగా ఒప్పుకునే రకం కాదు. "అయితే దీన్ని తొంభై ఆరుకు ఇచ్చేసి, ఆ కొత్త తోటే కొంటే పోలే? ఎక్కువ వస్తాది కదా."

నేల మీద సుద్దముక్కతో లెక్క వేశాను. నా హ్యాండ్‌బ్యాగులో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. "తొంభై ఆరుతో కొత్తది కొంటే ఏడాదికి ఏడు కంటే ముప్పై పైసలు ఎక్కువ వస్తాయి. కానీ గడువుకు మన చేతికొచ్చేది తొంభై ఆరే, నూరు కాదు. అటు చూసినా ఇటు చూసినా ఇంచుమించు ఒకటే అత్తా."

"ఒకటే అయితే ఇంగ కదిలించేది యాల" అని తరిగిన మునక్కాయలు తీసుకుని లేచింది. అమ్మమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. మా ఆయన ఇంటికి రాగానే సంగతంతా చెప్పి, ఏం చేద్దామంటారు అని అడిగాను. "మీ ఇష్టం" అన్నాడు. ఈసారి బహువచనం వాడాడు, అంతే తేడా.

శుక్రవారం పొద్దున అత్త సంచి సర్దుకుంది. బస్సుకు టైమవుతోంది. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్ తీసింది. నేను గ్యాస్ పొయ్యి తుడుస్తున్నట్టు తుడుస్తూ చెవులు అటే వేశాను. ధర ఇంకొంచెం పడింది, తొంభై అయిదు చిల్లర. ఆమె ఆ అంకెను చాలాసేపు చూసింది. తర్వాత ఆ ఫోన్‌ను ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసినట్టు చూసి, "ఇయ్యను పో" అంది.

ఆపైన కాఫీ తాగింది. బస్టాండు దాకా నేనే వెళ్ళి ఎక్కించి వచ్చాను. దారంతా ఆమె ముఖం వెలిగిపోతోంది. గండం గడిచిందని నేను సంతోషించాను. ఆమె సంతోషం వేరని అప్పుడు నాకు తట్టలేదు.

బాండు కొన్న ఆర్నెల్లకు మొదటి కూపన్ పడింది. మధ్యాహ్నం బడిలో ఉండగా ఫోన్ వచ్చింది. "నా జీతం వచ్చిండాది" అంది, ఏ పలకరింపూ లేకుండా. ఆ డబ్బుతో ఆమె ఇంటిల్లిపాదినీ కురుడుమలె తీసుకెళ్ళింది. అందరి బస్సు టికెట్లూ తనే కొంది. మరిది జేబులో చెయ్యి పెడితే, "సుమ్నే ఉండరా" అని కసిరి చెయ్యి తీయించింది. వినాయకుడి దర్శనం అయ్యాక బయట అంగడిలో నాకూ, తోడికోడలికీ, తనకూ గాజులు కొంది. నాకు ఆకుపచ్చవి నచ్చవని తెలిసి కూడా ఆకుపచ్చవే కొంది, తన డబ్బు కాబట్టి. ఆ తర్వాత రాయల్పాడు వెళ్ళినప్పుడు గమనించాను, ఆ ఇంట్లో కాఫీ టమోటా ధరతో సంబంధం లేకుండా చిక్కగా ఉంటోంది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఈసారి జ్వరం నాకు పట్టుకుంది. యీల్డ్ అర్థమైన గర్వంతో నేను రోజూ బాండు ధర చూడడం మొదలుపెట్టాను. స్టాఫ్ రూములో వడ్డీ రేట్ల గురించి ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. హిందీ టీచరు నన్ను చూస్తే దారి మార్చుకునేంత దూరం వెళ్ళింది వ్యవహారం. ఏడాది తిరిగేసరికి వడ్డీ రేట్లు తగ్గాయి. మా అత్త బాండు తొంభై ఆరు నుంచి మెల్లగా లేచి నూరు దాటి నూటమూడు అయింది. నాకు నిద్ర పట్టలేదు. మా పుట్టింట్లో ఎవరికీ ఎప్పుడూ ఊరికే లాభం వచ్చిన పాపాన పోలేదు.

వేసవి సెలవుల్లో రాయల్పాడు వెళ్ళాను. అత్త కిరాయి బండిలో టమోటా వేసుకుని కోలారు బయల్దేరుతుంటే నేనూ ఎక్కాను. ఆ కొత్తలో వెళ్ళిన తర్వాత మళ్ళీ మండీకి వెళ్ళడం అదే. ఏమీ మారలేదు. అవే బాక్సులు, అదే అరుపులు. ఆ రోజు సరుకు విపరీతంగా వచ్చింది. వ్యాపారులు కాయలు నొక్కి చూసి పడేశారు. హరాజు పాట నీరసంగా కొంచెం ఎక్కి ఆగింది. మండీ మనిషి అత్త వైపు చూశాడు.

"ఇచ్చేయప్పా" అంది అత్త.

కిరాయి డబ్బులు పోను ఏం మిగులుతుందో తలుచుకుంటే నాకు బాధేసింది. ఆమె మామూలుగానే ఒక ఖాళీ బాక్సు బోర్లించి దాని మీద కూర్చుని, చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆమెకు కొంచెం హుషారుగా ఉంటుందని నేను ఫోన్ తీశాను.

"అత్తా, మీ బాండు నూటమూడు అయింది. ఇప్పుడు అమ్మేద్దాం. నూటికి మూడు రూపాయలు లాభం."

"అమ్మి?"

"అమ్మితే డబ్బు వస్తుంది."

"వస్తే యాడ పెడతావు? పక్క తోటలు ఇప్పుడు ఎంతకు పోతా ఉండాయి?"

"ఆరున్నరకు" అన్నాను. అనగానే నా గొంతు తగ్గింది.

"మరి ఏడు తోట ఇచ్చేసి ఆరున్నర తోట కొనాల్నా? అటు చూసినా ఇటు చూసినా ఒకటే అని నువ్వే కదమ్మా సుద్దతో రాసినావు."

అవును, నేనే రాశాను. చేతికొచ్చే మూడు రూపాయలు, ఆపైన ఏటా తగ్గే అర్ధ రూపాయలకు సరిపోతాయి. లెక్క నాకంటే ఆమెకు బాగా గుర్తుంది. అయినా ఊరుకోలేకపోయాను. "ఒకటే అయినప్పుడు అమ్మొచ్చు కదా అత్తా. ఈ రోజు టమోటాకు ఏమీ రాలేదు. ఆ మూడు రూపాయలైనా చేతిలో పడతాయి."

ఆమె నవ్వింది. ఆ నవ్వు నేను ఎరుగుదును, ఇదే మండీలో విన్నది. కానీ ఈసారి ఆమె నవ్వి ఊరుకోలేదు.

"నీకు ఇది తెలీదమ్మా, నువ్వు జీతం బిడ్డవు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఈ మండీకి వస్తా ఉండా. ఆయన ఒక ధర చెప్తాడు, నేను ఇచ్చేయప్పా అంటా. ఇన్నేండ్లలో ఇంగో మాట నా నోట్లో పుట్టలే. పుట్టినా ఏం చేసుకోను, కాయ కుళ్ళిపోతాది. మీ ఇంట్లో ఆ పొద్దు తొంభై ఐదు అని వాడు చెప్పినప్పుడు, ఇయ్యను అన్నా. నేనన్నా ఆ మాట. అని, గమ్మున కూర్చుని కాఫీ తాగినా. ఏమీ కుళ్ళలే. నాకు ఎంత బాగుండిందో నీకు ఎట్ల చెప్పేది." ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి, నవ్వు కూడా పోలేదు. "అప్పటి నుంచి పొద్దున్నే టమోటా ధర చూస్తా, అది వాళ్ళ ఇష్టం. తర్వాత దీని ధర చూస్తా. ఇయ్యను అని చెప్పి కాఫీ తాగుతా. నూటమూడు కానీ, నూటపది కానీ. ఆ మాట అమ్ముకుని మూడు రూపాయలు తెచ్చుకుని ఏం చేయాల?"

మా నాన్న గుర్తొచ్చాడు. గని మూతపడిన రోజుల్లో ఎంత లెక్క కట్టి ఇస్తే అంత తీసుకుని, చూపించిన చోట సంతకం చేసి, ఇంటికొచ్చి చొక్కా మేకుకు తగిలించి పడుకున్నాడు. జీతం ఇళ్ళల్లో కూడా ఇయ్యను అనే మాట లేదు. మాకు ఎవరూ ధర అడగలేదు కాబట్టి ఆ మాట లేదన్న సంగతి తెలియలేదు.

అత్త నా చేతిలో ఉన్న ఫోన్ నావైపే తిప్పింది. నూటమూడు పచ్చగా మెరుస్తోంది.

"నువ్వూ ఒకసారి చెప్పి చూడమ్మా" అంది.

"ఎవరికి చెప్పాలి?"

"ఎవురికో ఒకరికి. గట్టిగా చెప్పాల, లేకుంటే బాగుండదు."

చుట్టూ చూశాను. పక్క హరాజు జోరుగా సాగుతోంది. సిగ్గేసింది. అయినా క్లాసులో చివరి బెంచీ దాకా వినబడే నా గొంతు నాకుంది కదా. "ఇయ్యను" అన్నాను.

మండీ మనిషి పాట ఆపి మావైపు తిరిగాడు. ఇంత కాలంలో ఆయన ఆ మాట అక్కడ విని ఉండడు. ఏ బాక్సు గురించో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు. మా అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కూర్చున్న బాక్సు కదిలేలా నవ్వుతోంది.